అక్క కొడుకు అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నాడు, బయటే ఉంచి దిద్దే దారి ఉందా?

గుంటూరు నుంచి ఒకాయన అడిగిన విషయం క్లుప్తంగా ఇది. అక్క కొడుక్కి పదహారు నిండాయి. టెన్త్ పాసై, ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో కాలేజీ మానేశాడు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ షెడ్డుకి వెళ్తున్నాడు. పందొమ్మిదేళ్ళ స్నేహితుడితో కలిసి విజయవాడ వన్‌టౌన్‌లో ఎవరిదో బండి ఎత్తుకెళ్తూ దొరికాడు. విజయవాడ అబ్జర్వేషన్ హోమ్‌లో పెట్టి పది రోజులైంది. పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు బెయిల్ ఇచ్చింది కానీ ఇద్దరు జామీనుదార్లు కావాలంది, వాళ్ళు దొరకలేదు. తండ్రేమో "కొన్నాళ్ళు ఉండనివ్వండి, బుద్ధొస్తుంది" అంటున్నారు. లోపల పెట్టకుండా కమ్యూనిటీ సర్వీసు (నలుగురికీ పనికొచ్చే పని చేయించడం), ప్రొబేషన్ (ఒక అధికారి పర్యవేక్షణలో బయటే ఉంచడం) లాంటివి ఉంటాయని విన్నారట. అవి నిజంగా ఇస్తారా, ఇస్తే రేపు ఉద్యోగాలకు అడ్డం వస్తాయా అని అడుగుతున్నారు. అప్పుడప్పుడు గంజాయి తాగుతాడేమోనని అనుమానం అని చివర్లో ఒక ముక్క రాశారు.

నేను జువెనైల్ బోర్డులో సామాజిక సభ్యురాలిగా పనిచేశాను. లాయర్ని కాదు, కేసు సంగతులు లాయరే చూడాలి. బోర్డు ముందు నిలబడిన కుటుంబం ఏం చెప్పగలిగితే పిల్లాడు ఇంటికి వెళ్తాడో, ఏం చెప్పలేక ఆగిపోతాడో ఆ సంగతి మాత్రం చెప్పగలను.

ముందు మీ బావగారి మాట. దానికి జవాబు దొరక్కపోతే మిగతా పనులేవీ ముందుకు కదలవు. అబ్జర్వేషన్ హోమ్ శిక్ష అనుభవించే చోటు కాదు. విచారణ నడుస్తున్న పిల్లల్ని తాత్కాలికంగా ఉంచే చోటు. మీ మేనల్లుడు తప్పు చేశాడని బోర్డు ఇంకా తేల్చలేదు. కాబట్టి "కొన్నాళ్ళు ఉండనివ్వండి" అంటే, తేలకముందే శిక్ష వేయమని తండ్రే అడిగినట్టు. ఇక బుద్ధి రావడం సంగతి. లోపల పనిచేసేవాళ్ళ మీద నాకేమీ ఫిర్యాదు లేదు, ఉన్నంతలో బాగానే చూసుకుంటారు. కానీ బండి ఎత్తిన పిల్లాడు అక్కడ రాత్రిళ్ళు ఎవరితో మాట్లాడతాడు? నాలుగు కేసులున్న పిల్లాడితో. ఆ బండి ఎక్కడ అమ్మాలో, ఇంజిన్ నంబరు ఎలా చెరపాలో, ఎవరి దగ్గర డబ్బు తేలిగ్గా దొరుకుతుందో ఇంట్లో ఉంటే తెలిసేది కాదు. పైగా మొదటి వారం ఉన్న భయం మూడో వారానికి ఉండదు. అలవాటవుతుంది. భయం వల్ల వచ్చే మేలేదైనా ఉంటే అది ఈపాటికే వచ్చేసింది, ఇక పెరిగేది పరిచయాలే.

చట్టం కూడా ఇదే మాట చెప్తుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని మూల సూత్రాల్లో ఒకటి, పిల్లల్ని సంస్థల్లో పెట్టడం చిట్టచివరి మార్గం కావాలని. 12వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్ళకి, నేరం బెయిల్ ఇవ్వదగినదైనా కాకపోయినా, బెయిల్ ఇవ్వాలి. జామీనుతో ఇవ్వవచ్చు, జామీను లేకుండానూ ఇవ్వవచ్చు. ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలోనో, తగిన వ్యక్తి సంరక్షణలోనో పెట్టవచ్చు. కాదనడానికి కారణాలు మూడే: బయటికొస్తే తెలిసిన నేరస్తులతో కలుస్తాడని, పిల్లాడికే ప్రమాదమని, న్యాయం దెబ్బతింటుందని నమ్మడానికి ఆధారం ఉండాలి. ఆ కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

మీ విషయంలో బెయిల్ వచ్చింది, షరతు దగ్గర ఆగింది. ఇక్కడే చాలామందికి తెలియని మాట ఒకటుంది. బెయిల్ ఆర్డరు వచ్చిన ఏడు రోజుల్లో పిల్లాడు షరతులు నెరవేర్చలేకపోతే, ఆ షరతులు మార్చడానికి అతన్ని మళ్ళీ బోర్డు ముందుకు తేవాలి. అదే సెక్షన్‌లో ఉంది. మీవాడు లోపలికి వెళ్ళి పది రోజులైంది, బెయిల్ ఆర్డరు తేదీ నుంచి లెక్క చూసుకోండి. రేపే లాయర్‌తో ఒక పిటిషన్ వేయించండి: జామీనుదార్లు దొరకలేదు, తల్లిదండ్రుల సొంత పూచీ మీదా ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలోనూ పంపండి అని. లాయర్ ఫీజు టెన్షన్ ఉంటే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచితంగా లాయర్ని ఇస్తారు. పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కుంది. జామీనుదార్లను కుదురుస్తామంటూ కోర్టుల బయట తిరిగేవాళ్ళకి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. లోపల పెట్టకుండా చేసేవి రెండు దశల్లో ఉంటాయి, జనం ఈ రెండిటినీ కలిపేస్తారు. మొదటిది బెయిల్, విచారణ జరిగినంత కాలం ఇంట్లో ఉండటానికి. రెండోది విచారణ అయ్యాక, తప్పు చేశాడని తేలితే బోర్డు 18వ సెక్షన్ కింద ఇచ్చే ఆదేశం. మందలించి, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇచ్చి ఇంటికి పంపడం దగ్గర మొదలై గ్రూప్ కౌన్సెలింగ్, కమ్యూనిటీ సర్వీసు, జరిమానా, తల్లిదండ్రుల దగ్గరో తగిన వ్యక్తి దగ్గరో మూడేళ్ళు మించకుండా ప్రొబేషన్, ఏదైనా గుర్తింపు పొందిన సంస్థ సంరక్షణలో ప్రొబేషన్ వరకు ఉంటాయి. తప్పు తేలిన పిల్లల్ని లోపల ఉంచే స్పెషల్ హోమ్ ఆ జాబితాలో ఆఖర్న వస్తుంది. వీటికి తోడు బడికి వెళ్ళాలనో, పని నేర్చుకోవాలనో, ఫలానా చోటికి వెళ్ళకూడదనో, మత్తు మాన్పించే చికిత్సకు వెళ్ళాలనో కలపవచ్చు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు కాబట్టి ఈ చట్టం లెక్కలో అది చిన్న నేరం. సంక్షిప్త విచారణ, నాలుగు నెలల్లో ముగియాలి, పొడిగిస్తే ఇంకో రెండు నెలలు. అప్పటికీ ముగియకపోతే చిన్న నేరాల్లో విచారణ అక్కడితో రద్దవుతుంది. కాబట్టి నిజంగా ఇస్తారా అన్నదానికి జవాబు, ఇస్తారు. మొదటి తప్పు, బండి దొరికింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇలాంటి కేసులో స్పెషల్ హోమ్ దాకా వెళ్ళిందంటే చట్టం వల్ల కాదు, బయట పిల్లాడి కోసం నిలబడేవాళ్ళు బోర్డుకి కనపడకపోవడం వల్ల.

ఆ కనపడటం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్తాను.

బోర్డులో ఒక మెజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక సభ్యులు ఉంటారు, వాళ్ళలో ఒకరైనా మహిళ. ఎత్తు వేదిక ఉండదు, మామూలు గదిలా ఉంటుంది. అక్కడికి వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది చెప్పేది ఒకటే: "ఈ ఒక్కసారికి వదిలేయండి సార్, ఇంకెప్పుడూ చేయడు." తల్లి ఏడుస్తుంది, తండ్రి అక్కడే పిల్లాడి మీద చెయ్యెత్తుతాడు. ఇవి చూసి ఎవరూ నమ్మకం తెచ్చుకోలేరు. మేం అడిగే ప్రశ్న చాలా చిన్నది: సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా వీడు ఎక్కడ ఉంటాడు, ఎవరితో ఉంటాడు? దానికి జవాబు ఉన్న కుటుంబానికీ లేని కుటుంబానికీ తేడా నిమిషంలో తెలిసిపోతుంది. చిట్టినగర్ వైపు ఇడ్లీ బండి పెట్టుకున్న ఒక అమ్మమ్మ గుర్తుంది. ఆమె దగ్గర జామీను లేదు, కాగితం ముక్క లేదు. "పొద్దున నాలుగింటికి నాతో లేచి పిండి రుబ్బుతాడు, ఎనిమిదిన్నరకి బడి, సాయంత్రం మా తమ్ముడి కొట్లో ఉంటాడు, ఆ తమ్ముడు ఇదుగో వచ్చాడు, మీరే అడగండి" అంది. ఆ తమ్ముడు ముందుకొచ్చి ఔనన్నాడు. అదే రోజు పెద్ద లాయర్ని పెట్టుకుని కారులో వచ్చిన ఒక తండ్రి, పిల్లాడు ఏ క్లాసులో ఆగిపోయాడో చెప్పలేకపోయాడు. ఎవరికి ముందు సంతకం పడిందో మీరే ఊహించుకోండి.

మీరు కూడా వాయిదాకి ముందు మీ అక్కతో కూర్చుని ఒక తెల్ల కాగితం మీద పిల్లాడి రోజు రాయండి. ఎవరు నిద్ర లేపుతారు, పగలు ఎక్కడికి వెళ్తాడు, సాయంత్రం ఎవరి దగ్గర ఉంటాడు, జేబు ఖర్చు ఎవరిస్తారు, ఫోన్ సంగతేమిటి, ఆ పాత స్నేహితులు ఇంటికొస్తే ఎవరు ఏమంటారు. ఒక్కొక్క దానికి మనిషి పేరు ఉండాలి, ఆ మనిషి వాయిదాకి రావాలి. షెడ్డు యజమాని, ట్యూషన్ మాస్టారు, ఎవరైనా సరే. పగటి పూటకి షెడ్డు కన్నా చదువు ఉంటే బోర్డుకి నచ్చుతుంది. టెన్త్ పాసయ్యాడు కాబట్టి ఐటీఐలో చేరొచ్చు. చేతిలో పని ఉన్న పిల్లాడు, బళ్ళ మీద ఇష్టం ఉంది, మోటార్ మెకానిక్ ట్రేడ్ బాగా కుదురుతుంది. అడ్మిషన్లు మొదలయ్యేదాకా ఖాళీగా ఉంచకుండా, ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించి సగం రోజు చదువు, సగం రోజు పని అన్నా ఒప్పుకుంటారు.

తండ్రికీ కొడుక్కీ పడదని మీ ప్రశ్నలోనే అర్థమవుతోంది. అలాంటప్పుడు "మా ఇంట్లో పెట్టుకుంటాను, నేను పూచీ" అని మేనమామగా మీరే అడగవచ్చు. తగిన వ్యక్తి అంటే ఎవరో పెద్ద హోదా ఉన్నవారని అర్థం కాదు, పిల్లాడి బాధ్యత తీసుకునేందుకు సరైనవారని బోర్డు విచారించి ఒప్పుకున్న మనిషి. మీ భార్య ఒప్పుకున్నాకే అడగండి. ఇది మొహమాటానికి ఒప్పుకునే పని కాదు. చాలా ఇళ్ళల్లో ఇంకో పని చేస్తారు: బెయిల్ రాగానే పిల్లాణ్ణి హైదరాబాద్‌లో పిన్ని ఇంటికో, ఎక్కడో రెసిడెన్షియల్ కాలేజీకో పంపేస్తారు, ఊరి మాటలు తప్పించుకోవడానికి. వాయిదాకి రాడు, ప్రొబేషన్ ఆఫీసర్ వస్తే ఇంట్లో ఉండడు, మళ్ళీ బోర్డు పిలుస్తుంది. షరతులు పాటించలేదని తేలితే ఈసారి ఎవరి మాటా నిలవదు.

పిల్లాడి ఇల్లు, చదువు, పరిస్థితుల మీద ప్రొబేషన్ ఆఫీసర్ రాసే సామాజిక పరిశోధన రిపోర్టు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బరువైన కాగితం. పిల్లాణ్ణి పట్టుకున్నట్టు తెలిసిన రెండు వారాల్లో ఆయన దాన్ని ఇవ్వాలి. కేసు విజయవాడది, ఇల్లు గుంటూరుది కాబట్టి గుంటూరు జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి రిపోర్టు తెప్పించమనీ, తర్వాత పర్యవేక్షణ కూడా గుంటూరులోనే ఉంచమనీ ముందే అడగండి. లేకపోతే నెలనెలా పనులు మానుకుని వారధి దాటాలి, మూడో నెలకి మీకే విసుగొస్తుంది. ఆఫీసర్ ఇంటికొచ్చినప్పుడు ఇల్లు సర్ది, మంచిమాటలు అప్పజెప్పి కూర్చోబెట్టకండి. తండ్రి తాగుతాడా, ఇంట్లో కొట్టుకుంటారా, పిల్లాడు కాలేజీ ఎందుకు మానేశాడు, అక్కడ ఎవరైనా అవమానించారా, అప్పులున్నాయా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచిన విషయం పక్కింటివాళ్ళు చెప్తారు, అప్పుడు మీరు చెప్పిన మంచి కూడా పోతుంది. ఆ గంజాయి విషయం కూడా అంతే. చెప్తే కేసు పెద్దదవుతుందేమోనని భయం సహజం, కాబట్టి ఎలా చెప్పాలో ముందు లాయర్‌తో మాట్లాడండి. కానీ అది బయటకు రాకపోతే దానికి చికిత్స ఆదేశంలో ఉండదు, రెండు నెలలకి పిల్లాడు మళ్ళీ డబ్బు కోసం బండే ఎత్తుతాడు. బోర్డు చెప్పేదాకా ఆగనక్కర్లేదు, బెయిల్ రాగానే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగంలో చూపించి ఓపీ చీటీలు దాచండి. కుటుంబం తనంతట తాను మొదలుపెట్టిన వైద్యాన్ని బోర్డు ఎంతో నమ్మకంగా చూస్తుంది.

కమ్యూనిటీ సర్వీసు గురించి జనంలో రెండు తప్పు ఊహలున్నాయి. ఒకటి, అదేదో తేలిగ్గా వదిలేయడమని. రెండోది, నలుగురిలో పరువు తీయడమని. నిబంధనల్లో పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలకే ఇది, పనులు కూడా చెప్పారు: పార్కు చూసుకోవడం, వృద్ధులకు సాయం, ఆసుపత్రిలో సాయం, వికలాంగులైన పిల్లలకు తోడ్పడటం, ట్రాఫిక్ వాలంటీరుగా ఉండటం. నా అభిప్రాయం అడిగితే పార్కు, ట్రాఫిక్ కన్నా వృద్ధాశ్రమం, ఆసుపత్రి మేలు. అక్కడ ఇతని కోసం ఎదురుచూసే మనిషి ఒకరుంటారు. రాకపోతే "నిన్న రాలేదేం బాబూ" అని అడుగుతారు. ఎండలో కూడలిలో నిలబడిన పిల్లాణ్ణి ఎవరడుగుతారు? మెడలో అట్ట తగిలించి బెంజ్ సర్కిల్లో నిలబెడితే సిగ్గుతో మారతారని సోషల్ మీడియాలో రాసేవాళ్ళకి ఒక్క విషయం చెప్పాలి: కేసులో ఉన్న పిల్లాడి పేరు, ఫోటో, బడి, ఊరు, ఏదైనా అతన్ని గుర్తుపట్టే వివరం బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీ బంధువుల వాట్సాప్ గ్రూపులో కూడా అతని ఫోటో తిరగనివ్వకండి.

అసలు ఇబ్బంది ఏమిటంటే, మన దగ్గర ఇలాంటి పిల్లల్ని తీసుకుని, వారం వారం హాజరు రాసి, బోర్డుకి రిపోర్టు పంపే ఓపిక ఉన్న సంస్థలు తక్కువ. ఆదేశం ఇవ్వాలని బోర్డుకి ఉన్నా, ఎక్కడికి పంపాలో తెలియక జరిమానాతోనో మందలింపుతోనో సరిపెట్టే రోజులు ఉంటాయి. అందుకని మీరే ఒక వృద్ధాశ్రమాన్నో, ట్రస్టు ఆసుపత్రినో కనుక్కుని, "ఈ పిల్లాణ్ణి ఆదివారాలు తీసుకుంటాం, ఫలానా వారు చూసుకుంటారు" అని ఒక లేఖ తేగలిగితే సగం పని అయినట్టే. ఆ ఒక్కరికి తప్ప అక్కడ మిగతావాళ్ళకి కేసు సంగతి తెలియనక్కర్లేదు. జరిమానా మాత్రం నాకు ఎప్పుడూ నచ్చలేదు. తండ్రి కట్టేస్తాడు, ఇంటికెళ్ళాక ఆ డబ్బు గురించి ఏడాది పాటు తిడతాడు, పిల్లాడు చేసిందేమీ ఉండదు.

బండి పోగొట్టుకున్న మనిషి గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. చాలామంది రాయరు. న్యూజీలాండ్‌లో 1989 చట్టంతో ఒక పద్ధతి పెట్టారు: పిల్లాడు, అతని కుటుంబం, నష్టపోయినవారు, పోలీసు ఒకచోట కూర్చుని, ఏం చేస్తే ఈ తప్పు సరిదిద్దినట్టో ఒక ఒప్పందానికి వస్తారు. మన చట్టంలో అలాంటి ఏర్పాటు విడిగా లేదు. అలాగని మీరు నేరుగా ఆయన ఇంటికి వెళ్ళి కేసు వెనక్కి తీసుకోమని బతిమాలకండి, బెదిరించారని ఇంకో ఫిర్యాదు అవుతుంది. కులపెద్దలతో పంచాయితీ అసలు వద్దు. బండికి దెబ్బ తగిలితే మరమ్మతు ఖర్చు భరిస్తామని, పిల్లాడు స్వయంగా క్షమాపణ చెప్పడానికి సిద్ధమని లాయర్ ద్వారా బోర్డు ముందే చెప్పించండి. ఆ మరమ్మతు డబ్బులో కొంతైనా పిల్లాడి పని తాలూకు సంపాదన నుంచి నెలనెలా వెళ్ళేలా చూడండి. ఇది నేను చూసినంతలో ఉపన్యాసాల కన్నా బాగా పనిచేస్తుంది.

ఉద్యోగాల భయం మాత్రం పక్కన పెట్టండి. 24వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద విచారణ జరిగిన పిల్లాడికి ఆ కారణంగా ఎలాంటి అనర్హతా అంటదు, నిబంధనల్లో చెప్పిన గడువు ముగిశాక రికార్డు కూడా తీసేయాలి. ముగిసిన కేసు వివరాలు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా పోలీసులు బయటపెట్టకూడదని 74లోనే ఉంది. చిన్నతనంలో ఉన్న కేసు చూపించి ఉద్యోగం నిరాకరించకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మినహాయింపు ఉన్నది పదహారు దాటి, ఘోర నేరాల్లో పెద్దవాళ్ళతో సమానంగా విచారించి దోషిగా తేల్చిన కొద్దిమందికే. బండి దొంగతనం ఆ కోవలోకి రాదు. వయసుకి టెన్త్ మెమో చాలు, మొదట చూసే రుజువుల్లో అదొకటి. విచారణ మధ్యలో పద్దెనిమిది నిండినా ఇదే బోర్డు, ఇదే చట్టం.

చివరగా ఆ పందొమ్మిదేళ్ళ స్నేహితుడు. మామూలుగా పిల్లల చిన్న నేరాల్లో ఎఫ్‌ఐఆర్ కట్టరు, స్టేషన్ డైరీలో రాసి పిల్లాడి నేపథ్యం మీద రిపోర్టుతో బోర్డుకి పంపుతారు. పెద్దవాళ్ళతో కలిసి చేశాడని అంటే ఎఫ్‌ఐఆర్ అవుతుంది, మీకు జరిగింది అదే అయుంటుంది. కంగారు పడకండి, ఇద్దరినీ కలిపి విచారించరు. అతని కేసు మామూలు కోర్టులో ఎన్నేళ్ళు నడిచినా మీవాడి విచారణ దాని కోసం ఆగనక్కర్లేదు. కానీ "నువ్వు మైనర్‌వి, నీకేం కాదు, తాళం తీసింది నువ్వేనని చెప్పు" అనే మాట ఇలాంటి జతల్లో తరచూ వినిపిస్తుంది. పిల్లాడు స్నేహమనుకుని ఒప్పుకుంటాడు. ఈసారి హోమ్‌కి వెళ్ళినప్పుడు తిట్టకుండా, ఒంటరిగా, మొదటి నుంచి ఏం జరిగిందో అడగండి. ఆ స్నేహితుడే బండ్లు ఎత్తించి డబ్బు ఇస్తున్నాడని తేలితే, పిల్లల్ని నేరాలకు వాడుకునే పెద్దవాళ్ళకి 83వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. అది పోలీసులకు మీరు నేరుగా చెప్పే ముందు లాయర్ చెవిన వేయండి, పిల్లాడి వాంగ్మూలం ఎలా, ఎవరి ముందు ఇవ్వాలో ఆయన చూసుకుంటారు.